కాక చెప్పిన చంద్రుడి మజిలీలు

మహబూబాబాద్‌లో మా బడి పదో తరగతి పిల్లలకు ప్రీ ఫైనల్ పరీక్ష నడుస్తుండగా ఫోన్ మోగింది. వరండాలోకి వచ్చి ఎత్తాను. అవతల మా అక్క.

“చెల్లే, బాపు పోయిండు,” అంది. గొంతులో ఏడుపు లేదు. “పొద్దుగాల చాయ్ తాగిండు. బువ్వ తినుమని లేపవోతే లెవ్వలే. నువ్వు నిమ్మళంగ రా. ఉరుక్కుంట రాకు.”

అక్క అంటే మా కాక బిడ్డ. కాక మా నాన్నకు తమ్ముడు. మాది తరిగొప్పుల దగ్గర ఒక తండా. ఇంట్లో మా భాష వేరు, ఊళ్లోకి వస్తే తెలుగు. కాక రెండూ ఒకే తీరుగా మాట్లాడేవాడు. ఆయన మాటలన్నీ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. ఆయన భార్య, మేము కాకి అని పిలిచే మా పిన్ని, చనిపోయిన తర్వాత తండాలో ఒక్కడూ ఉండలేక, నాలుగేళ్లుగా రేగొండలో కూతురి దగ్గరే ఉన్నాడు.

జవాబు పత్రాలు లెక్కపెట్టి అప్పగించి, సంచి తీసుకుని స్టేషన్‌కు పోయాను. వరంగల్ దాకా రైలు, అక్కడి నుంచి పరకాలకు బస్సు, పరకాల నుంచి రేగొండకు ఇంకో బస్సు. దారంతా ఏడుస్తాననుకున్నాను. నిద్ర వచ్చింది. ప్రత్యేక తరగతులు, దిద్దాల్సిన కాగితాలు, ఫోన్‌లో నింపాల్సిన హాజరు, రెండు నెలలుగా ఒంట్లో పేరుకున్న అలసట అంతా ఆ బస్సు సీటులో నా మీద పడింది. ఆత్మకూరు దాటాక కిటికీ ఊచకు తల కొట్టుకుని లేచాను. కాక పోయిన రోజున బస్సులో నిద్రపోయినదాన్ని, ఆయన గురించి రాయడానికి తగుదునా అని ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా రాయాలి. ఆయన పట్ల నేనొక తప్పు చేశాను. దాన్ని ఆయన ముందు ఒప్పుకున్నాను గానీ నలుగురి ముందు ఒప్పుకోలేదు.

కాక చదివింది ఐదో తరగతి. తండాలో మాకున్నది కొద్దిపాటి చెలక, అది కూడా వాన మీద ఆధారం. మా తాత కార్తెలను బట్టి సేద్యం చేసేవాడు. సూర్యుడు ఒక్కో నక్షత్రం దగ్గర గడిపే పదమూడు పద్నాలుగు రోజులను మా దిక్కు రైతులు ఒక కార్తె అంటారు. రోహిణి కార్తెలో దుక్కి, మృగశిరలో, అంటే మా మాటలో మిర్గంలో, విత్తనం. అట్లా ఇరవై ఏడు నక్షత్రాల పేర్లు కాకకు పలక మీద అక్షరాల కన్నా ముందే నోటికి వచ్చాయి.

నేను నాలుగో తరగతిలో ఉండగా కాక గల్ఫ్ పోయాడు. తోటపని అని చెప్పి తీసుకుపోయినవాళ్లు, ఎడారిలో ఒంటెలు, గొర్రెల మంద దగ్గర దింపి వెళ్లిపోయారు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకున్నాడు. కాక అతన్ని సేఠ్ అనేవాడు. ఎనిమిదేళ్లు కాక ఇంటి ముఖం చూడలేదు. ఆ ఎనిమిదేళ్లలో అక్క బడి మానేసింది, కూలికి పోయింది, పెళ్లి చేసుకుని రేగొండకు కాపురానికి వెళ్లింది. పెళ్లిలో తండ్రి చేయాల్సినవన్నీ మా నాన్న చేశాడు. ఈ సంగతి ముందే చెప్పాలి. కాక నాకు ఇచ్చిన చదువంతా అక్కకు దక్కని ఆ ఏళ్లలోనే ఆయన సంపాదించుకున్నాడు.

ఆయన తిరిగొచ్చేనాటికి నేను ఇంటర్ రెండో సంవత్సరం. మనిషి ఎండి నల్లబడ్డాడు. కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఒక చెంబు నీళ్లతో ముఖం, చేతులు, కాళ్లు అన్నీ కడుక్కునేవాడు. చెంబులో ఇంకా కొంచెం మిగిలేది. మేకలను అరబ్బీలో అదిలించేవాడు. కొన్నాళ్లకు అవి ఆ మాటకు తప్ప ఇంకో మాటకు కదలడం మానేశాయి. “నువ్వు లేని నాడు గీ మేకలకు నేను ఏ భాషల చెప్పాలె?” అని కాకి తల పట్టుకునేది.

వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం వాకిట్లో మంచం మీద కూర్చుని, నెత్తి మీద గుంపుగా ఉన్న చిన్న నక్షత్రాలను చూపించాడు.

“గవేంది చెప్పు.”

“కృత్తిక,” అన్నాను. బడిలో నేర్చిందే.

“గాడ సురయ్యా అంటరు. దాని ఎన్క ఎర్రగ ఉన్నది మన రోహిణి. గాడ దబరాన్. దబరాన్ అంటే ఎనుక వచ్చేటోడని ముసలాయన చెప్పిండు. సక్కగ కృత్తిక ఎన్కనే నడుస్తది గద, గందుకు.”

ముసలాయన అంటే సేఠ్ తండ్రి. పట్నంలో మేడ ఉన్నా అక్కడ నిద్ర పట్టక, ప్రతి చలికాలం ఎడారిలో మంద దగ్గరికి వచ్చి గుడారం వేసుకుని ఉండేవాడట. కాకకు అప్పటికి అరబ్బీ పది మాటలు కూడా రావు. ముసలాయనకు కాక భాష అసలే రాదు. ఆ ఇద్దరి మధ్య పాఠం ఎట్లా మొదలైందో కాక ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాలేదు.

“ఒగ పొద్దుమూకి ముసలాయన ఎండిన ఒంటె పెంటికలు ఏరుకొచ్చిండు. ఇరువై ఎనిమిది. గుండ్రంగ పేర్చి నన్ను నడిమిట్ల కూసోవెట్టిండు. ఒగ తెల్లరాయి చేతుల వట్టుకొని, గీ పెంటిక కాడికెల్లి గా పెంటిక కాడికి జరుపుకుంట, మంజిల్, మంజిల్ అన్నడు. రాయి చందమామ అన్నట్టు. రోజుకొక్క కాడ దిగుతది. మనం మజిలీ అంటం సూడు, గదే. నాకు సమజయింది.”

మన మజిలీ అనే మాట ఆ అరబ్బీ మాట నుంచే వచ్చిందని చాలా ఏళ్లకు నేను చదివి చెబితే కాక చాలా సంతోషపడ్డాడు. ఆ రోజు ఆ ఒక్క మాట తెలిసింది కాబట్టే తనకు మతి తప్పలేదన్నాడు. అప్పటికి నాలుగు నెలలుగా ఆయనతో మాట్లాడిన మనిషి లేడు. తనకు తెలిసిన వస్తువు అక్కడ ఒక్కటీ లేదు. ముసలాయన సురయ్యా అని వేలు చూపిన దిక్కున కృత్తిక ఉంది.

“నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది బిడ్డా. మన కార్తెలు గీడికి సుత వచ్చినయా అనుకున్న.”

అప్పటి నుంచి ఆయన జత చేయడం మొదలుపెట్టాడు. అక్కడి పేరుకు ఇక్కడి పేరు. కొన్ని సరిగ్గా కుదిరేవి. కొన్ని కుదిరేవి కావు. చిత్త కుదిరింది. స్వాతి దగ్గర మనవాళ్లు పైన మెరిసే నక్షత్రాన్ని పట్టుకుంటే, వాళ్లు దాని కింద ఉన్న మసక నక్షత్రాలను పట్టుకున్నారు. తేలు ఆకారంలో ఉన్న నక్షత్రాల నడుమ ఎర్రగా మెరిసే జ్యేష్ఠను వాళ్లు కల్బ్ అంటారు. తేలు గుండె అని. తోక కొసను షౌలా అంటారు. మనం దాన్ని మూల అంటాం. ధనుస్సు పక్కన వాళ్లకు బల్దా అని ఒక మజిలీ ఉంది. అక్కడ నక్షత్రమే ఉండదు. ఖాళీ ఆకాశం. అయినా చంద్రుడు ఒక రోజు అక్కడ దిగుతాడు. కాకకు బల్దా అంటే ఎందుకో ఇష్టం. ముసలాయన ఆ పెంటిక దగ్గరికి వచ్చినప్పుడు చేయి అటూ ఇటూ ఊపి, ఏమీ లేదు, ఏమీ లేదు అన్నట్టు నవ్వేవాడట.

కాక ఈ సంగతులు చెబుతుంటే కాకి పొయ్యి దగ్గర నుంచి వినేది. మన పురాణాల్లో ఆ ఇరవై ఏడూ చంద్రుడి భార్యలని, రోజుకొకరి ఇంటికి పోతాడని నేనొకసారి చెప్పాను.

“ఇరువై ఏడు ఇండ్లు తిరిగెటోడు ఒక్కింట్ల సక్కగ ఉంటడా?” అంది కాకి. “గా చందమామ సుత దుబాయ్ పోయొచ్చినట్టే ఉన్నడు.”

అందరం నవ్వాం. కాక కూడా నవ్వాడు గానీ, లేచి మేకల దగ్గరికి పోయాడు.

నేను హన్మకొండలో బీఈడీ చదివేటప్పుడు గ్రంథాలయంలో ఒక లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం దొరికింది. చైనావాళ్లకు కూడా ఇరవై ఎనిమిది చంద్ర మజిలీలు ఉన్నాయని అందులో ఉంది. వాళ్ల మాటకు అర్థం కూడా అదే, రాత్రి బస చేసే చోటు. పరీక్ష చదువు పక్కన పెట్టి మూడు మధ్యాహ్నాలు కూర్చుని రాసుకున్నాను. శనివారం తండాకు వచ్చి, గేట్లోంచే అరిచాను.

“కాకా, చీనోళ్లు సుత జ్యేష్ఠను గుండె అంటరట!”

కాక మేక కాలికి తాడు కడుతున్నాడు. తాడు వదిలేశాడు. “తేలు గుండెనా?”

“కాదు. వాళ్లకు గాడ తేలు లేదు. ఒక పెద్ద డ్రాగన్ ఉంది. దానికి రెక్కలుండయ్, పాము లెక్క ఉంటది. దాని గుండె. మూల దాని తోక.”

తాడు మళ్లీ అందుకోలేదు. మేక వెళ్లిపోయింది. “జీవం వేరే. గుండె గాడనే పెట్టిండ్రు. తోక సుత గాడనే పెట్టిండ్రు,” అన్నాడు. “గీళ్లు గాళ్లు ఎన్నడన్న మాట్లాడుకున్నరా?”

నాకు తెలియదన్నాను. పుస్తకాల్లో పండితులు దాని గురించే కొట్లాడుకుంటున్నారని చెప్పాను. మన దగ్గరి నుంచి చైనాకు పోయిందని ఒకరు, చైనా నుంచి మనకు వచ్చిందని ఒకరు, రెండు చోట్లకూ ఇంకా పాత దేశం ఏదో ఇచ్చిందని మరొకరు. చైనావాళ్ల మజిలీల్లో ఒకటి చాలా వెడల్పు, ఒకటి సన్నం. మనవి అన్నీ సమానంగా కోసినట్టు ఉంటాయి. మన పాత జాబితాలు కృత్తికతో మొదలైతే, వాళ్లది చిత్తతో మొదలవుతుంది. ఇరవై ఏడు సరైన లెక్కా, ఇరవై ఎనిమిది సరైన లెక్కా అనేది ఇంకో తగాదా. చంద్రుడు చుట్టి రావడానికి ఇరవై ఏడు రోజులు దాటి ఇంకా మూడో వంతు రోజు పడుతుంది. అందుకే మనవాళ్లు ఒకప్పుడు అభిజిత్తును చేర్చి ఇరవై ఎనిమిది చేశారు, తర్వాత తీసేశారు.

“మూడో వంతును ఎవలు ఏం జేస్తరు, పాపం,” అన్నాడు కాక. “ఒకలు ఇడిసిపెట్టిండ్రు. ఒకలు ఇల్లు కట్టిచ్చిండ్రు.”

ఆ వేసవిలో మేమిద్దరం ఒక పొడుగు నోటుపుస్తకంలో పట్టిక గీశాం. మొదటి గడిలో మన పేర్లు, రెండో గడిలో అరబ్బీ, మూడో గడిలో చైనా పేర్ల అర్థాలు. కాక నాలుగో గడి కూడా గీయించాడు. మా తండా భాషకు. నానమ్మను అడిగితే ఆమెకు నాలుగు పేర్లు గుర్తున్నాయి. మిగతా గడులు ఖాళీగా ఉండిపోయాయి. చీకటి పడగానే, మళ్లీ తెల్లారకముందే, ఆకాశం చూసి ఒక్కో వరుస సరిచూసుకునేవాళ్లం. నేను పుస్తకం చూసి రాయబోతే కాక ఊరుకునేవాడు కాదు. “ముందుగాల జూడు. ఎన్కముందు రాయి,” అనేవాడు. ఎవరి నుంచి ఎవరు నేర్చుకున్నారో ఒక ముక్క రాద్దామంటే, “మన గడి ఖాళీగ వెట్టుకొని మంది సంగతి మనకెందుకు? తొందరపడి ఎవల పేరు రాయకు,” అన్నాడు.

ఇప్పుడు నా తప్పు.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో జనగామలో ఒక కాలేజీలో ఉపాధ్యాయుల సదస్సు పెట్టారు. వివిధ దేశాల చంద్ర నక్షత్రాలను పోలుస్తూ నేనొక వ్యాసం రాసుకుపోయాను. ఇంగ్లిష్ పుస్తకాల పేర్లన్నీ కింద రాశాను. అరబ్బీ గడి కింద మాత్రం ‘క్షేత్ర పరిశీలనలో లభించిన సమాచారం’ అని రాశాను. ఎండిన ఒంటె పెంటికలను గులకరాళ్లుగా మార్చాను. కాక నాతోపాటు వచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని, వెనక వరసలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మాకు భోజనం పెట్టేచోట ఎవరో ఆయన్ను చూసి, మీతో వచ్చినాయన ఎవరు మేడమ్ అని అడిగారు. మా కాక అన్నాను. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

నేను చదివి ముగించాక ఒక పెద్దాయన లేచి, నక్షత్రమే లేని ఆ బల్దా మన లెక్కలో దేనికి సరిపోతుంది అని అడిగారు. నాకు గుర్తు రాలేదు. తల ఎత్తి వెనక వరస వైపు చూశాను. కాక ముందుకు వంగాడు. పిలిస్తే లేచి చెప్పేవాడు. ఆయన యాస, ఆయన అరబ్బీ, ఆయన గొర్రెలు, అన్నీ ఆ హాల్లోకి వస్తాయి. మా మాట వింటేనే నవ్వే సినిమాలు చూసి పెరిగినదాన్ని. పిలవలేదు. “అభిజిత్తుకు సార్,” అన్నాను. ఆయన తృప్తిగా తల ఊపి కూర్చున్నారు. కాక వెనక్కి ఆనుకున్నాడు.

తిరుగు బస్సు జనగామ దాటింది. అప్పుడు కాక అన్నాడు.

“బల్దా కాడ తప్పు చెప్పినవ్ బిడ్డా.”

“అవునా కాకా?”

“మన ఉత్తరాషాఢ జాగల వస్తది. అభిజిత్తు దాని ఎన్కది. అచ్చేసేటప్పుడు దిద్దు.”

అని కిటికీ వైపు తిరిగాడు. తరిగొప్పులలో దిగేదాకా ఇటు తిరగలేదు.

నేను దిద్దలేదు. అచ్చుకు పంపే రోజున బడిలో ఏదో తనిఖీ. వ్యాసం అట్లాగే పంపి, దిద్దుబాటు మరుసటి వారం పంపవచ్చనుకున్నాను. మరుసటి వారం మరో పని. తర్వాత మహబూబాబాద్‌కు బదిలీ అయింది. పెళ్లి, ఇద్దరు పిల్లలు, పొద్దున్నే టిఫిన్ డబ్బాలు, ఆటో, బడి, సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కూర్చున్నచోటే కునుకు. నోటుపుస్తకం పెట్టె అడుగుకు పోయింది. ఆకాశం చూడక ఎన్ని నెలలయిందో కూడా లెక్క లేకుండా పోయింది. కాక ఫోన్ చేసినప్పుడల్లా, “ఎట్లున్నవ్, మస్తు అలిసిపోతున్నవట గద,” అని అడిగేవాడు. పట్టిక సంగతి అడిగేవాడు కాదు.

కాకి పోయాక అక్క వచ్చి ఆయన్ను రేగొండ తీసుకుపోయింది. ఆ రోజు నేను కూడా వెళ్లాను. ఆయన పెట్టె లోపల పెడుతూ అక్క నాతో అంది, “ఇరువై ఎనిమిది మజిలీలు జూసొచ్చిండు. నా ఇల్లు ఇరువై తొమ్మిదోది.” కాకకు వినబడేలాగే అంది. ఆయన తల దించుకుని గడప దాటాడు. ఆ మాట తర్వాత అక్క ఆయనకు ఏ లోటూ చేయలేదు. బావ భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు కూలి. వారమంతా షిఫ్టులే. మిర్చి తోట, బర్రె, తండ్రి, అన్ని పనులూ అక్కవే. ఆయనకు షుగర్ వచ్చి కాలి పుండు మానకపోతే, ఆమే రోజు విడిచి రోజు పరకాల దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించేది.

పోయిన వానాకాలం చివర్లో ఒక ఆదివారం రేగొండ వెళ్లాను. కాక అరుగు మీద కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నాడు. చూపు దాదాపు పోయింది. వేళ్లతో తడుముతూ గింజ గింజ రాలుస్తున్నాడు. నా అడుగు చప్పుడుకే నన్ను గుర్తుపట్టాడు. కూర్చున్నాను. నేనూ ఒక కంకి తీసుకున్నాను. రెండు కంకులు అయిపోయాక అన్నాను.

“కాకా, గా సదస్సుల నీ పేరు చెప్పలే. కాయితంల సుత రాయలే.”

“ఎర్కనే.”

“ఎందుకని అడగవా?”

“ఎందుకు?”

“గొర్లు కాసినాయన చెప్పిండంటే నవ్వుతరని భయపడ్డ. పెంటికలను సుత గులకరాళ్లని రాసిన.”

పెంటికలనేసరికి నవ్వు వచ్చింది ఆయనకు. భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వి, ఒడిలో రాలిన గింజలను చేత్తో చాటలోకి తోశాడు.

“బాధైతే అయింది. అబద్ధమెందుకు జెప్పాలె? బస్సుల కిటికీ దిక్కు మొకం తిప్పుకున్నది గందుకే. నువ్వు జూస్తవని.”

నేను ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు. కాసేపటికి అన్నాడు, “ఇంకోటి ఇను. ముసలాయన పేరు నాకు సుత తెల్వదు. ఎనిమిదేండ్లు. ఒక్కనాడు అడగలే. సేఠ్ నాయిన, సేఠ్ నాయిన అనుకుంట కాలమెల్లదీసిన. నువ్వన్న వచ్చి ఒప్పుకున్నవ్. నేను ఒప్పుకుందమంటే గాయన ఏడున్నడో.”

“ఇప్పుడు రాస్త కాకా. నీ పేరు రాస్త.”

“రాయి. గని నాలుగో గడి నింపు ముందుగాల. ముసలోళ్లు పోతున్నరు.”

ఆ తర్వాత ఆ కాలేజీకి ఉత్తరం రాశాను. సంచిక ఎప్పుడో అచ్చయిపోయింది, దిద్దడానికి వీలు లేదన్నారు. వాళ్లది తప్పు కాదు. అందుకే ఇక్కడ దిద్దుతున్నాను. ఆ పట్టికలో అరబ్బీ గడి మొత్తం మా కాకది. బల్దా మన ఉత్తరాషాఢకు సరిపోతుంది, అభిజిత్తుకు కాదు. ముసలాయన పేర్చినవి గులకరాళ్లు కావు, ఒంటె పెంటికలు. ఆ ఉత్తరంలో కాక పూర్తి పేరు రాశాను. ఇక్కడ మాత్రం నేను పిలిచినట్టే రాస్తున్నాను.

నాలుగో గడి కోసం మహబూబాబాద్ చుట్టుపక్కల తండాలకు రెండు ఆదివారాలు తిరిగాను. ముసలమ్మలు నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. గుర్తు చేసుకోవడానికి కళ్లు మూసుకున్నారు. “మర్సిపోయినం బిడ్డా. గిప్పుడు మొకమెత్తి సూసుడు ఏడున్నది?” అంది ఒకామె. ఇద్దరు కలిసి మూడు పేర్లు చెప్పారు. అందులో ఒకటి నానమ్మ చెప్పిందే. మూడో ఆదివారం పోవాలనుకున్నాను. పోలేదు, పడుకున్నాను. ఆ రెండు కొత్త పేర్లూ కాకకు ఫోన్‌లో చెప్పి ఉండవచ్చు. ఎదురుగా కూర్చుని చెప్పాలని దాచుకున్నాను. పరీక్షలు అయ్యాక వెళ్దామనుకున్నాను.

సాయంత్రం ఆరున్నరకు రేగొండలో దిగి ఇంటికి చేరేసరికి, వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్లు, కుర్చీల్లో మగవాళ్లు. కాకను అరుగు మీద పడుకోబెట్టారు. పక్కన కూర్చుని, చెవి దగ్గర వంగి ఆ రెండు పేర్లూ చెప్పాను. చెప్పాక, ఎవరికి చెబుతున్నానా అని సిగ్గుపడ్డాను. అక్క చూసింది.

మరునాడు పొద్దున సాగనంపాం. మూడో రోజుకు చుట్టాలందరూ వెళ్లిపోయారు. బావకు షిఫ్టు ఉందని ఆయన కూడా భూపాలపల్లి పోయాడు. నేను ఇంకో రోజు సెలవు పెట్టాను. ఇంటి వెనక కల్లంలో మిర్చి మూడు రోజులుగా కుప్ప మీదే ఉంది. కదపకపోతే కింద ఉన్నది ముగ్గిపోతుంది. అక్క, నేను పొద్దున్నే పరదా తీసి కాయలను నేల మీద పరిచాం. ఘాటుకు ఇద్దరికీ తుమ్ములు. కళ్లలో నీళ్లు కారుతుంటే, అది మిర్చి వల్లనో కాదో ఇద్దరం అడగలేదు.

పరచడం అయ్యాక అక్క బస్తాల మీద కూర్చుంది.

“నువ్వొస్తె గంటలు గంటలు మాట్లాడుతుండె,” అంది. “నాతోని చాయ్, బువ్వ, మందులు. గంతే. నేను సుత అడగలే. అడిగితే గా ఎనిమిదేండ్లు మాఫ్ జేసినట్టయితదనుకున్న.”

చీర కుచ్చిళ్లలో చిక్కిన కాయ ఒకటి తీసి, పరిచినవాటిలోకి విసిరింది.

“గాయన నీకు చెప్పినయ్ నాకు సుత చెప్పు చెల్లే, ఎప్పుడన్న. మొదలు కాడికెల్లి. గిప్పుడు కాదు. గిప్పుడు మస్తు నిద్రొస్తున్నది. నాలుగేండ్ల సంది రాత్రికి మూడుమాట్ల లేస్తున్న.”

“పండుకో అక్కా. నేనుంట.”

బస్తాకు తల ఆనించింది. అంత ఎండలో, అంత ఘాటులో, రెండు నిమిషాల్లో నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. మిర్చికి ఎర్రబడిన చేతులు ఒళ్లో వెల్లకిలా పడి ఉన్నాయి. నేను ఆమె కొంగే తీసి, ముఖానికి ఎండ తగలకుండా బస్తాల అంచుకు కట్టాను. తర్వాత కల్లంలోకి దిగి, చప్పుడు కాకుండా, ఒక్కో వరుస కాయలను కిందిది పైకి వచ్చేలా తిరగేస్తూ పోయాను. ఆ చివరి దాకా పోయి వెనక్కి చూశాను. అక్క ఇంకా లేవలేదు. ఈ పక్క నుంచి మళ్లీ మొదలుపెట్టాను.